కార్బన్ నానోట్యూబ్ (సీఎన్‌టీ) దారం, ఎపాక్సీ బంధం: ఒకే దారానికి 6 నుంచి 20 మెగాపాస్కల్ దాకా ఎందుకొస్తోంది?

బీచ్‌రోడ్_ల్యాబ్ (విశాఖ):
30 మైక్రాన్ల కార్బన్ నానోట్యూబ్ దారం మీద ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) బొట్టు పెట్టి, రెండు బ్లేడ్ల మధ్య లాగి బంధ బలం కొలుస్తున్నాం. రెజిన్ ఎల్‌వై 556, హార్డెనర్ హెచ్‌వై 951, తూకంలో 100కి 10. విలువలకు పొంతన లేదు. ఒక్కోసారి బొట్టు కదలదు, దారమే తెగుతోంది. దారాన్ని నైట్రిక్ యాసిడ్‌లో నానబెడితే బాగుపడుతుందా?

కొలత_ముందు:
యాసిడ్ సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. బొట్టులో దారం పొడవు 100 మైక్రాన్లు ఉండి 0.15 న్యూటన్లకు జారితే, ఆ బలాన్ని ఎపాక్సీ తాకే దారం ఉపరితలంతో భాగిస్తే సుమారు 16 మెగాపాస్కల్. మీ దారం 0.35 న్యూటన్లకే తెగే రకమైతే, అదే బంధానికి 230 మైక్రాన్లు దాటిన బొట్టు జారే ప్రసక్తే లేదు. 80 నుంచి 150 మధ్య బొట్లే ఉంచండి. దారం తెగిన శాంపిళ్లను సగటులో కలపొద్దు. పైగా ఈ దారం చాలాసార్లు గుండ్రంగా ఉండదు, రిబ్బన్‌లా అణిగి ఉంటుంది. పై నుంచి చూసిన వెడల్పునే వ్యాసం అనుకుంటే లెక్క తప్పుతుంది. అడ్డంగా కోసి ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)లో చుట్టుకొలత తీయండి.

తడిగాలి:
మీ హార్డెనర్ హెచ్‌వై 951 ఆవిరయ్యే ఎమీన్ (అమ్మోనియా జాతి రసాయనం). ఇంత చిన్న బొట్టులోంచి గట్టిపడేలోపే కొంత ఎగిరిపోతుంది, బొట్టు మెత్తగా మిగులుతుంది. దానికి తోడు మన వానాకాలపు తేమ: గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో ఎమీన్ కలిసి పైన తెల్లటి జిగట పొర కడుతుంది. సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో రాత్రంతా గట్టిపడనిచ్చి, ఆ తర్వాతే ఓవెన్‌లో పెట్టండి. అదే రెజిన్‌తో 7 మైక్రాన్ల టీ300 కార్బన్ ఫైబర్ మీద కూడా చేసి చూడండి. అక్కడా విలువలు చెదిరితే తప్పు దారానిది కాదు.

బీచ్‌రోడ్_ల్యాబ్:
థాంక్సండీ. జారిన చోట ఎస్‌ఈఎంలో చూస్తే బొట్టు లోపల నూలుపోగుల్లాంటివి అంటుకుని ఉన్నాయి.

పోగు_పోగు:
అయితే ఊడింది ఎపాక్సీ కాదండీ, దారం పై తొడుగు. రెజిన్ పై పొరలోకి ఇంకి దాన్ని గట్టిగా పట్టుకుంది. లోపలి ట్యూబుల మధ్య ఉన్నది వాన్ డర్ వాల్స్ పట్టు (అణువుల మధ్య బలహీనమైన ఆకర్షణ) మాత్రమే, అది ముందు జారింది. మీకొచ్చిన అంకె దారం లోపలి కోత బలం (పోగులు ఒకదానిపై ఒకటి జారకుండా ఆపే షియర్ బలం), దాన్ని ఇంటర్‌ఫేస్ బలమని, అంటే దారానికీ ఎపాక్సీకీ మధ్య బంధ బలమని రాయకండి. ఇక్కడ యాసిడ్ దండగ, ఎక్కువసేపు ఉంచితే ట్యూబుల గోడలే దెబ్బతింటాయి. ప్లాస్మాతో (విద్యుదావేశిత వాయువుతో) శుద్ధి చేసినా అది పైపైనే పనిచేస్తుంది. దారాన్ని కాస్త బిగువుగా పట్టి అసిటోన్‌లో తడిపి ఆరనివ్వండి, ఆరేటప్పుడు పోగులు దగ్గరకు లాక్కుంటాయి. తర్వాత అసిటోన్‌లో పలచన చేసిన రెజిన్ ఎక్కించి, వాక్యూమ్‌లో అసిటోన్ పూర్తిగా తీసేయండి. మిగిలిపోతే ఎపాక్సీ మెత్తబడుతుంది. అప్పుడు మళ్లీ బొట్టు పెట్టి, లోపల పోగులు ఇంకా కనిపిస్తున్నాయేమో చూసి చెప్పండి.