తిమింగలాన్ని డ్రోన్‌తో కొలవడం: ఎత్తు రీడింగ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

భీమిలి_గాలి: డ్రోన్‌తో నేరుగా పైనుంచి తీసిన ఫొటోలో పొడవు, వెడల్పు కొలిచి తిమింగలం బక్కచిక్కిందో లేదో చెప్తారు కదా, డ్రోన్ చూపించే ఎత్తు అందుకు చాలుతుందా అండీ?

కెమెరాకన్ను: చాలదు. అది బారోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచేది) లెక్క, ఎగిరిన చోటు నుంచి మొదలవుతుంది. బోటు డెక్ నీటికి ఎంత పైనుందో కలపాలి. పైగా ఎగురుతుండగా రీడింగ్ జారుతుంది. 30 మీటర్ల ఎత్తులో 1 మీటరు తప్పితే, 12 మీటర్ల తిమింగలం పొడవు 40 సెం.మీ. తేడా వస్తుంది. లేజర్‌తో ఎత్తు కొలిచే లేజర్ ఆల్టిమీటర్ కట్టండి. ప్రతి ఫ్లైట్‌లోనూ పొడవు తెలిసిన పీవీసీ పైపు నీళ్లలో తేలేసి ఫొటో తీయండి, కొలత ఎంత తప్పుతోందో తెలుస్తుంది.

తీరం_లెక్క: చిన్న సవరణ. వెడల్పుని పొడవుతో భాగిస్తే ఎత్తు తప్పు కొట్టుకుపోతుంది. బక్కగా ఉందా, ఒళ్లు చేసిందా చూడటానికి ఆ నిష్పత్తి చాలు. ఎదుగుదల చూడాలంటే మాత్రం అసలు పొడవే కావాలి. ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్స్ (ఒక రకం తిమింగలాలు) 1981లో పుట్టిన వాటికంటే ఇప్పుడు సుమారు 1 మీటరు పొట్టిగా ఎదుగుతున్నాయని 2021లో తేల్చింది ఆ కొలతలతోనే. వల తాళ్లలో చిక్కుకోవడం ఒక కారణం. కొలతలో ఇంకో జాగ్రత్త, ఒళ్లు విల్లులా వంచిన ఫ్రేము వాడితే పొడవు తగ్గిపోతుంది. నీటిపైన తిన్నగా పరుచుకున్న ఫ్రేములే ఏరుకోండి.

భీమిలి_గాలి: మరి తిమింగలం వదిలే ఊపిరి తుంపర శాంపిల్ ఎలా పట్టాలి?

పెట్రీ_పళ్లెం: డ్రోన్‌కి స్టెరైల్ (క్రిములు లేని) పెట్రీ డిష్‌లు, అంటే ల్యాబ్‌లో వాడే చిన్న పళ్లేలు కట్టి, వెనక నుంచి వెళ్లి, తుంపర లేచేసరికి దాని మీదుగా పోవాలి. అందులో డీఎన్‌ఏ, సూక్ష్మజీవులు, హార్మోన్లు దొరుకుతాయి. చిక్కేమిటంటే సముద్రపు నీరూ పడుతుంది, పలచన ఎంతో తెలీదు. అందుకే తుంపరలో యూరియా ఎంతుందో చూసి పలచన అంచనా వేసి, హార్మోన్ అంకెని దాంతో సరిచూస్తారు. తిమింగలం లేని చోట ఒక ఖాళీ డిష్ ఎగరేసి తేకపోతే, సముద్రపు బ్యాక్టీరియానే తిమింగలానిది అనుకుంటారు.

కెమెరాకన్ను: బోటు మీంచి ఎగరేసేవాళ్లకి: రిటర్న్ టు హోమ్‌ని (డ్రోన్ తనంతట తానే ఎగిరిన చోటికి తిరిగొచ్చే ఏర్పాటు) నమ్మకండి. బోటు కదిలిపోయుంటుంది, డ్రోన్ మాత్రం పాత చోటికెళ్లి నీళ్లలో దిగుతుంది. ఇనప డెక్ మీద కంపాస్ కాలిబ్రేషన్ (దిక్సూచి సరిచేయడం) వద్దు, ఇనుము దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ఊగే డెక్ మీద దింపడం కన్నా గ్లవ్స్ వేసుకుని చేత్తో పట్టుకోవడమే మేలు.

తీరం_లెక్క: మన విశాఖలో నౌకాదళ స్థావరం, నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉన్నాయి. ముందు డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. తిమింగలాలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, శాంపిల్‌కి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు. పైపు కొలత ప్రాక్టీసు చెరువులో అయినా చేసుకోవచ్చు.