ఫోర్క్ చేశాక ఒకే అడ్రసులో రెండు విలువలు ఎలా కనిపిస్తున్నాయి?

ప్రశ్న:
లినక్స్‌లో సీ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. గ్లోబల్ వేరియబుల్‌లో 10 ఉంచి, ఫోర్క్ చేసి (అంటే నడుస్తున్న పేరెంట్ ప్రాసెస్‌కు నకలుగా చైల్డ్ అనే కొత్త ప్రాసెస్‌ను సృష్టించి), చైల్డ్ ప్రాసెస్‌లో దాన్ని 20గా మార్చి, రెండు ప్రాసెస్‌లలోనూ విలువనూ అడ్రసునూ ప్రింట్ చేయించాను. పేరెంట్‌లో 10, చైల్డ్‌లో 20 వచ్చాయి గానీ, అడ్రసు మాత్రం పొల్లు పోకుండా ఒక్కటే. ఇదెలా సాధ్యమో దయచేసి వివరించగలరు.

జవాబు 1:
మీకు కనిపించినది ర్యామ్‌లోని అడ్రసు కాదు, వర్చువల్ అడ్రసు. రెండు ఊళ్లలోనూ రామాలయం వీధి ఉన్నట్టే, ఒకే వర్చువల్ అడ్రసు రెండు ప్రాసెస్‌లలోనూ ఉండవచ్చు. ప్రతి ప్రాసెస్‌కూ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) విడిగా పేజ్ టేబుల్ అనే అడ్రసుల పట్టికను నిర్వహిస్తుంది. దాని ప్రకారమే ప్రాసెసర్‌లో అడ్రసులు మార్చే ఎంఎంయూ అనే భాగం వర్చువల్ అడ్రసును ర్యామ్‌లోని అసలు చోటుకు మారుస్తుంది. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో సాధారణంగా 48 బిట్ల అడ్రసు వాడతారు: చివరి 12 బిట్లు 4096 బైట్ల పేజీలో (మెమరీని విభజించిన ఒక ముక్కలో) స్థానాన్ని చెబితే, మిగిలిన 36 బిట్లు తొమ్మిదేసి చొప్పున నాలుగు అంచెల టేబుళ్లలో దారి చూపుతాయి. ప్రాసెస్ మారినప్పుడు కెర్నల్ సీఆర్3 రిజిస్టర్‌లో కొత్త టేబుల్ అడ్రసు పెడుతుంది, అంతే.

జవాబు 2:
పై జవాబు సరైనదే గానీ, అసలు ఆసక్తికరమైన సంగతి ఫోర్క్‌లో ఉంది. ఫోర్క్ సమయంలో కెర్నల్ మీ డేటాను కాపీ చేయదు. రెండు టేబుళ్లూ అవే పేజీలను చూపేలా ఉంచి, వాటిని చదవడానికి మాత్రమే అనుమతిస్తుంది. చైల్డ్ 20 రాయబోగానే పేజ్ ఫాల్ట్ వస్తుంది, అంటే ప్రాసెసర్ ఆ పని ఆపి కెర్నల్‌ను పిలుస్తుంది. అప్పుడు కెర్నల్ ఆ ఒక్క పేజీని కాపీ చేసి, చైల్డ్ టేబుల్‌ను సవరించి, ఆగిన ఇన్‌స్ట్రక్షన్‌నే మళ్లీ నడిపిస్తుంది. మీరు గ్లోబల్ వేరియబుల్ తీసుకోవడం మంచిదైంది. స్టాక్‌లోనిదైతే (ఫంక్షన్ల లోకల్ వేరియబుల్స్ ఉండే చోటు), మీరు 20 రాయకముందే ఏదో ఒక ఫంక్షన్ కాల్ వల్ల ఆ పేజీ కాపీ అయిపోయి ఉండేది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మెమరీ అడిగే మాలోక్ ఫంక్షన్‌తో 1 జీబీ తీసుకున్నా టాప్ కమాండ్‌లో రెస్ అంకె (ప్రాసెస్ ర్యామ్‌లో నిజంగా వాడుతున్న మెమరీ) పెరగకపోవడానికీ ఇదే కారణమా?

జవాబు 2:
దాదాపు ఇదే. మాలోక్ అప్పటికి అడ్రసుల పరిధిని మాత్రమే కేటాయించి పెడుతుంది, అందుకే విర్ట్ అంకె (కేటాయించిన వర్చువల్ అడ్రసుల మొత్తం) మాత్రం పెరుగుతుంది. మెమ్‌సెట్‌తో అందులో 1 నింపి చూడండి. ఒక్కో పేజీని తొలిసారి తాకినప్పుడల్లా ఫాల్ట్ వచ్చి, నిజమైన మెమరీ దక్కి, రెస్ పెరుగుతుంది. కాబట్టి లినక్స్‌లో మాలోక్ నల్ (విఫలమైందనే సూచన) ఇవ్వనంత మాత్రాన మెమరీ చేతికి వచ్చినట్టు కాదు. ఉన్నదానికి మించి అందరూ ఒకేసారి వాడబోతే, కెర్నల్‌లోని ఓఓఎం కిల్లర్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది.