పద సమస్యల్లో సమీకరణం రాయడం దగ్గరే తప్పుతోంది

ప్రశ్న: సమీకరణం ఇస్తే సాధిస్తాను, మాటల్లో ఇస్తేనే చిక్కు. తండ్రి వయసు కొడుకు వయసుకి 3 రెట్లు. 12 ఏళ్ల తర్వాత 2 రెట్లు అవుతుంది. ఇప్పుడు తండ్రి వయసెంత? 3ఎక్స్ + 12 = 2ఎక్స్ అని రాస్తే మైనస్ 12 వస్తోంది. ఎక్కడ పోయింది?

జవాబు 1: 12 ఏళ్లు తండ్రికే కలిపారు, కొడుక్కి కలపలేదు. ముందు చిన్న పట్టిక గీయండి. ఇప్పుడు: కొడుకు ఎక్స్, తండ్రి 3ఎక్స్. తర్వాత: ఎక్స్ + 12, 3ఎక్స్ + 12. కాబట్టి 3ఎక్స్ + 12 = 2(ఎక్స్ + 12). ఆ బ్రాకెట్ వదలొద్దు. 2ఎక్స్ + 12 అని రాస్తే ఎక్స్ = 0 అయిపోతుంది, చాలామంది పడేది అక్కడే. సరిగ్గా విప్పితే 3ఎక్స్ + 12 = 2ఎక్స్ + 24, ఎక్స్ = 12.

జవాబు 2: 12 కొడుకు వయసండీ. అడిగింది తండ్రిది, అంటే 36. ఇలాంటి ప్రశ్నల్లో 12 కూడా ఒక ఆప్షన్‌గా ఉండొచ్చు, అందుకే పెన్ను పెట్టకముందే అడిగినదాని కింద గీత గీయండి. సరిచూసుకోవడం సమీకరణంలో కాదు, ప్రశ్న మాటల్లో: 12 ఏళ్లకి 48, 24. రెట్టింపే. సమీకరణమే తప్పుగా రాస్తే దానిలో ఆ విలువ ఎలాగూ సరిపోతుంది, తప్పు బయటపడదు.

జవాబు 3: ఇంకోటి, ‘ఒక సంఖ్య కన్నా 5 తక్కువ’ అంటే ఎక్స్ − 5. 5 − ఎక్స్ కాదు.