అనుమతి లేని మూడో అంతస్తుతో అద్దె ఇల్లు కొనవచ్చా?

తొలి కొనుగోలు: హైదరాబాద్‌లో 150 గజాల ఇల్లు చూశాం. అనుమతి జీ ప్లస్ 2కే (కింది అంతస్తు, పైన రెండు) ఉంది, పైన ఇంకో అంతస్తు వేశారు. ఏడు పోర్షన్లు. అద్దెలన్నీ కలిపి నెలకు 62 వేలట. ఏమేం చూసుకోవాలి?

నిజాంపేట రావు: 30 ఏళ్ల ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులు). ఇవి బాగుంటే కొనేయండి. పై అంతస్తులు ఊరంతా ఉన్నాయి.

సరళ: రావు గారూ, ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే వస్తాయి. నోటరీ ఒప్పందాలు అందులో కనబడవు. అసలు వారు అడిగింది పై అంతస్తు గురించి.

నిజాంపేట రావు: దానికీ ఆస్తిపన్ను కడుతున్నారు కదా!

సరళ: పన్ను కట్టించుకుంటే అనుమతి ఇచ్చినట్టు కాదు. 2015 నాటి క్రమబద్ధీకరణ పథకం ఆ ఏడాది అక్టోబరు 28కి ముందు కట్టినవాటికే. ఈ అంతస్తు ఎప్పుడు వేశారో అడిగారా? నిర్మాణ పూర్తి పత్రం చూశాకే రుణమివ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు బ్యాంకులకు చెప్పింది.

పద్మ: అడ్వాన్సుల సంగతి ఎవరూ ఎత్తరేం? మాకు అమ్మినాయన అద్దెదారుల అడ్వాన్సులు ఒక్క రూపాయి అప్పగించలేదు. ఖాళీ చేసిన ప్రతివారికీ మేమే ఇచ్చుకున్నాం. అద్దెదారులతో విడివిడిగా మాట్లాడి రాయించుకోండి.

చైతన్య: కరెంటు మీటర్లు లెక్కపెట్టండి. సంపు మూత తీయించి చూడండి. వేసవిలో నెలకెన్ని ట్యాంకర్లు తెప్పిస్తారో కింది పోర్షన్ వాళ్లే చెబుతారు.

వెంకట్: సంపు ఈశాన్యంలో ఉందా? ముందు అది చూడండి.

నిజాంపేట రావు: ఇలా భయపెట్టేవాళ్ల మాట విని మా బావమరిది మూడేళ్లు ఆగాడు. ఇప్పుడు ఆ డబ్బుకు ఫ్లాటు కూడా రావడం లేదు.

సరళ: మా నాన్నగారు రిటైర్మెంటు డబ్బంతా ఇలాంటి ఇంట్లోనే పోశారు. అమ్మబోతే బ్యాంకు పై అంతస్తుకు విలువే కట్టలేదు. ఆ నష్టం మీరు తీరుస్తారా?

నిజాంపేట రావు: అంటే కొనవద్దని కాదు, ధర తగ్గించమంటారు. అంతేనా?

సరళ: అంతే. అనుమతి ఉన్న అంతస్తుల అద్దె మీదే ధర కట్టాలి.

నిజాంపేట రావు: ఆ లెక్కకు ఎవరూ అమ్మరు. నాదీ ఒకటి అమ్మకానికి ఉంది, నేనైతే ఇవ్వను.

సరళ: ఆ మాట మొదటే చెప్పాల్సింది.

తొలి కొనుగోలు: పై రెండు పోర్షన్ల 17 వేలు తీసేస్తే 45 వేలు. ఆ లెక్కతోనే ధర అడుగుతాం. మంజూరైన నక్ష చేతికొచ్చాకే బయానా.