చదరంగం యంత్రం తొండి ఆడుతోందంటున్నారు నాయన: మరమ్మతు చేయించాలా?

కందుకూరు నుంచి ప్రశ్న:

మా నాయనకు డెబ్బై ఆరేళ్లు. రచ్చబండ మీద ఆయనతో చదరంగం ఆడేవాళ్లు ఇప్పుడెవరూ మిగలలేదని, ఒక పాత ఎలక్ట్రానిక్ చదరంగం యంత్రాన్ని కొనిచ్చాను. పావును దాని గడిలోనే వేలితో అదిమితే అంచున ఎర్ర దీపం వెలుగుతుంది, చేరవలసిన గడిలో మళ్లీ అదిమితే ఎత్తు నమోదవుతుంది. తన ఎత్తునూ దీపాలతోనే చూపుతుంది, దాని పావును మనమే జరపాలి.

నాయన రాజును ఒకసారి గుర్రంలా దూకించబోతే అది కీచుమని అరిచి ఒప్పుకోదు. అది బంట్లను రెండేసి గళ్లు జరుపుతోంది కదా అని నిన్న ఆయన కూడా తన బంటును డీ2 నుంచి డీ4కు (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస) జరిపారు. వెంటనే యంత్రం ఈ4లోని తన బంటును ఖాళీగా ఉన్న డీ3లోకి ఐమూలగా తెచ్చి, నాయన బంటున్న డీ4 దగ్గర దీపం వెలిగించి ఆగిపోయింది. ఏ పావును కదిపినా కీచుమంటోంది. "ఇది తొండి" అని నాయన బాధపడి లేచిపోయారు. యంత్రం చెడిందా?

ఒంగోలు నుంచి జవాబు:

చెడలేదండీ. నాయనగారు ఆడేది మన పాత ఆట, యంత్రానికి తెలిసింది అంతర్జాతీయ ఆట. మన పద్ధతిలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే కదులుతుంది. ఆట త్వరగా ఊపందుకోవాలని ఐరోపాలో రెండు గళ్ల ఎత్తు వచ్చింది కాబట్టి, ఆ దూకుడుతో ప్రత్యర్థి బంటును తప్పించుకుపోకుండా, అది దాటిన గడిలోనే పట్టుకునే హక్కునూ ఇచ్చారు. దీన్ని ఆన్ పసాన్ అంటారు, ఆ వెంటనే వచ్చే ఎత్తులో మాత్రమే చెల్లుతుంది. డీ4 గడిని ఒకసారి అదిమి ఆ బంటును తీసేయండి, యంత్రం దానికోసమే ఆగి ఉంది.

రాజు గుర్రపు దూకుడు కూడా మన సంప్రదాయమే, చెక్ (రాజు మీద దాడి) పడకముందు ఒక్కసారి చెల్లుతుంది. అంతర్జాతీయ ఆటలో దానికి బదులు రాజును ఏనుగు వైపు రెండు గళ్లు జరిపి, ఏనుగును రాజుకు అవతలి పక్కకు తెచ్చే కాస్లింగ్ ఉంది.

కావలి నుంచి జవాబు:

ఆ వయసులో ఆయన ఆట మార్చుకోవాలనడం నాకు ఇష్టం లేదు. చాలా యంత్రాలలో పావులను మనకు నచ్చినట్లు పేర్చుకునే మీట ఉంటుంది. జీ2 ఖాళీగా ఉన్నప్పుడు ఆ మీట నొక్కి, రాజును ఈ1 నుంచి తీసి అక్కడ పెట్టి, వంతును యంత్రం రంగుకు మార్చి బయటికి వస్తే ఆట అక్కడినుంచే సాగుతుంది. పావులు పేర్చే పని మీరు చేయండి, ఆయన ధ్యాస చెదరదు. స్థాయి పెంచేకొద్దీ యంత్రం ఎక్కువ సేపు ఆలోచిస్తుంది కాబట్టి, పదిక్షణాలలో జవాబిచ్చే స్థాయిలోనే ఉంచండి.

ఒక మాట ఆయనకు తప్పక చెప్పండి. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ మొదట మన పద్ధతిలోనే నేర్చుకుని, ఆ తర్వాత అంతర్జాతీయ నియమాలకు అలవాటుపడి 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచారు.

కందుకూరు నుంచి:

డీ4ను నాయన చేతే అదిమించాను, దీపం ఆరి ఆట కదిలింది. సుల్తాన్ ఖాన్ సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. ఈ రాత్రి కాస్లింగ్ నేర్పమన్నారు. రాజు దూకుడు మాత్రం వదలరట, ఆ మీట ఎక్కడుందో కూడా అడిగారు.