గురువు లేకుండా ఇంట్లో యోగా: చేయొచ్చా, కూడదా?

మేడమీద చాప (కాకినాడ):
అందరికీ నమస్కారం. వారం రోజులుగా మా ఇంట్లో ఒకటే వాదన, మీ మాట కూడా వినాలని రాస్తున్నాను. 2025లో యోగాంధ్ర అని మే 21 నుంచి జూన్ 21 దాకా రాష్ట్రమంతా నేర్పించారు కదా, మా వార్డులో కూడా పొద్దున్నే మైదానంలో చాపలు పరిచి 45 నిమిషాల కామన్ యోగా ప్రోటోకాల్ (యోగా దినోత్సవం కోసం కేంద్రం తయారుచేసిన ఆసనాల వరస) చేయించారు. జూన్ 21న విశాఖ బీచ్ రోడ్డు మీద ప్రధాని గారు చేసిన రోజు మేమూ ఇక్కడ చేశాం. మర్నాటి నుంచి మైదానం ఖాళీ. నాకేమో ఆ నెల రోజుల్లో నడుం నొప్పి తగ్గినట్టు బాగా తెలిసింది, అందుకే వదలబుద్ధి కాక ఇంట్లోనే ఫోన్‌లో వీడియో పెట్టుకుని చేస్తున్నాను. దానికి తోడు సూర్య నమస్కారాలు కూడా మొదలుపెట్టాను. ఇప్పుడు ఎడమ మణికట్టు నొప్పి, తడిబట్ట పిండాలన్నా కష్టంగా ఉంది. మా వదినగారు "గురువు లేకుండా చేస్తే ఇంతే, ఉన్న ఒళ్ళు పాడు చేసుకోకు, మానెయ్" అంటున్నారు. మా వీధిలో క్లాసు పొద్దున 6 గంటలకి, నెలకి 1,500. ఆ టైముకి నేను ఇద్దరు పిల్లల క్యారేజీలు కట్టాలి. ఇంట్లో సొంతంగా చేయడం నిజంగా తప్పా?

కొత్తపేట మాస్టారు (గుంటూరు):
అమ్మా, మీ వదినగారు చెప్పిందే సరైనది. పాతికేళ్ళుగా నేర్పుతున్నాను కాబట్టి చెబుతున్నాను. వీడియోలో నేర్పే ఆయన మీకు కనపడతాడు, మీరు ఆయనకి కనపడరు. అసలు లోపం అక్కడే. కాళ్ళు చాపి కూర్చుని ముందుకి వంగే పశ్చిమోత్తానాసనం చూడండి, అందరి చూపూ కాలి బొటనవేలు అందిందా లేదా అన్న దాని మీదే. వేలు అందుకోవాలని వీపు విల్లులా వంచేస్తారు, ఆ భారమంతా నడుం డిస్కుల మీద పడుతుంది. పద్మాసనం అయితే మరీ. తుంటి తిరగని మనిషి కాలు లాగి తొడ మీద పెట్టుకుంటే ఆ మెలిక మోకాలికి వెళ్తుంది. అలా వీడియో చూసి మోకాలు పాడు చేసుకున్న కుర్రాడు నా దగ్గరికి వస్తే ఆరు నెలలు కుర్చీలో కూర్చోబెట్టి చేయించాల్సి వచ్చింది. ఎదురుగా మనిషి ఉంటే మోకాలి కింద దిండు పెట్టి "చాలు, ఇక్కడే ఆగు" అంటాడు. ఫోన్ ఆ మాట అనదు.

ఫ్రిస్కో నుంచి:
మాస్టారు గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే అడుగుతున్నాను. అందరికీ గురువు దొరకడు కదండీ? నేనుండే టెక్సాస్‌లో ఒక్క క్లాసుకి ఇరవై పైచిలుకు డాలర్లు. నాలుగేళ్ళుగా ఇంట్లోనే చేసుకుంటున్నాను, ఏ దెబ్బా తగల్లేదు. ఎందుకంటే మొదటి మూడు నెలలు నిలబడి చేసేవి, పడుకుని చేసేవి తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. రోజుకి 15 నిమిషాలే, కానీ రోజూ. పేరున్న యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారికే తన గురువు కృష్ణమాచార్యుల వారి దగ్గర దొరికిన శిక్షణ కొద్ది కాలమే, 1937లో 18 ఏళ్ళ వయసులో పూణే వెళ్ళి మిగతాదంతా తన ఒంటి మీద తానే సాధన చేసి నేర్చుకున్నారు. గురువు లేనిదే చాప పరచకూడదంటే సగం మంది జీవితంలో మొదలుపెట్టరు.

కొత్తపేట మాస్టారు:
బాబూ, అయ్యంగార్ గారు రోజుకి గంటల తరబడి చేశారు, అదే ఆయన వృత్తి, అదే బతుకు. ఆఫీసుకి వెళ్ళే ముందు ఇరవై నిమిషాలు చేసేవాళ్ళకి ఆ పోలిక కుదరదు. పైగా ఆయన చెక్క ఇటుకలు, బెల్టులు, కుర్చీలు పెట్టి చేయించింది ఎందుకు? ఒక్కో ఒంటికి ఒక్కో కొలత ఉంటుందని. ఆ కొలత చూసేది ఎవరు?

ఫిజియో (కూకట్‌పల్లి):
వాదన మంచిదే గానీ ముందు ఆ మణికట్టు సంగతి చూద్దాం. కాకినాడ మేడమ్, ఒక విషయం గమనించారా? కామన్ యోగా ప్రోటోకాల్‌లో సూర్య నమస్కారాలు లేవు. అంటే ఎదురుగా ఉండి నేర్పిన వాటితో మీకు నొప్పి రాలేదు, వీడియో చూసి సొంతంగా కలుపుకున్న దానితో వచ్చింది. ఈ మాటలో మాస్టారు గారి పక్షాన నేనూ ఉన్నాను.

నొప్పికి కారణం చాలావరకు ఇది: అరచేతులు నేల మీద ఆన్చి ఒళ్ళు ఎత్తినప్పుడు మణికట్టు దాదాపు 90 డిగ్రీలు వెనక్కి వంగి బరువు మోస్తుంది. చాలామంది ఆ బరువంతా అరచేతి మడమ మీద, చిటికెనవేలి వైపు వేస్తారు. వేళ్ళు బాగా విప్పి, చూపుడు వేలి మొదలు, బొటనవేలి మొదలు నేలకి నొక్కాలి. కింద గ్రానైట్ మీద పల్చటి చాప అయితే చెయ్యి జారకుండా ఆపుకోవడానికే సగం బలం పోతుంది. ఒక పని చేయండి, పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి అరచేతి మడమ కింద ఉంచండి, వేళ్ళు మాత్రం కింద చాప మీద. ఆ వంపు తగ్గిందంటే మణికట్టుకి చాలా తేడా వస్తుంది. ఈ రెండు వారాలు మాత్రం చేతుల మీద బరువు వేసేవన్నీ ఆపేయండి. రాత్రిపూట బొటనవేలు, పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే అది వేరే సమస్య, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

గ్లాకోమా (నీటికాసులు) ఉన్నవాళ్ళు శీర్షాసనం జోలికి అస్సలు వెళ్ళకూడదు, తలకిందులైతే కంటిలోపలి ఒత్తిడి బాగా పెరుగుతుంది. బీపీ ఎక్కువున్నవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ ఊపిరి వేగంగా బయటికి వదలడం) చేయకూడదు. ఇలాంటివేవీ లేని మనిషి నిటారుగా నిలబడి చేసే తాడాసనం, బోర్లా పడుకుని ఛాతీ ఎత్తే భుజంగాసనం, వెల్లకిలా పడుకుని నడుం ఎత్తే సేతుబంధాసనం ఇంట్లో చేసుకుంటే భయపడాల్సిన పని లేదు. ఏమీ చేయకుండా కుర్చీలో పదేళ్ళు కూర్చుని నా దగ్గరికి వచ్చేవాళ్ళే ఎక్కువ.

ఫ్రిస్కో నుంచి:
కపాలభాతి ఆ ప్రోటోకాల్‌లోనే ఉంది కదండీ, మైదానంలో వందల మందితో ఒకేసారి చేయించారు. అందరి బీపీ చూసి చేయించారా?

కొత్తపేట మాస్టారు:
ఉంది, ఎవరెవరు చేయకూడదో కూడా అందులోనే రాసి ఉంది. మైకులో ఆ ముక్క చదివారా లేదా అన్నది వేరే సంగతి. చదవకపోతే అది తప్పే, మా వాళ్ళదైనా సరే.

పార్కు బ్యాచ్ (హన్మకొండ):
అందరూ మోకాళ్ళు, మణికట్ల గురించే మాట్లాడుతున్నారు, నేను వేరే మాట చెప్తా. నాకు 62 ఏళ్ళు. ఇంట్లో యోగా అని మూడు సార్లు మొదలుపెట్టిన, మూడు సార్లూ పోయింది. గురువు లేక కాదు, ఇంట్లో ఉండుడు వల్ల. ఆడమనిషి ఇంట్లో చాప మీద కూర్చుంటే ఆమె ఖాళీగా ఉన్నట్టే లెక్క. కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకుంటుంటే "అత్తమ్మా, ఇంగువ డబ్బా ఎక్కడుంది" అంటరు. ఇప్పుడు పొద్దున అయిదున్నరకి పబ్లిక్ గార్డెన్‌కి పోతున్న, పదకొండు మందిమి. ఒకరోజు పోకపోతే ఫోన్ చేస్తరు. అక్కా, మీ దగ్గర క్లాసు కుదరకపోతే పక్కింటామెనైనా పట్టుకోండి. ఇల్లు దాటితేనే ఆ అరగంట మనది.

మేడమీద చాప:
హన్మకొండ అక్కా, మీ మాట చదివాక రాత్రంతా అదే ఆలోచన. ఈ రోజు కావాలని లెక్కపెట్టాను. మేము ఉండేది రెండు గదుల పోర్షన్, బీరువాకి మంచానికి మధ్య చాప సరిగ్గా పడుతుంది, చేతులు పక్కకి చాపితే బీరువా తలుపు తగులుతుంది. 5:20కి పరిచాను. నాలుగు నిమిషాలకి పాలబ్బాయి. వజ్రాసనంలో ఉండగా మోటారు వేశావా అని పైనుంచి మామగారి కేక. పడుకుని కాళ్ళు ఎత్తిన టైములో చిన్నవాడొచ్చి నా పక్కనే పడుకున్నాడు, వాణ్ణి లేపబుద్ధి కాలేదు. తర్వాత టై కనపడలేదని పెద్దది. 45 నిమిషాల ప్రోటోకాల్ అనుకున్నది ముక్కలు ముక్కలుగా పదకొండు నిమిషాలు నడిచింది. హడావిడిగా చేయడం వల్లే చేతుల మీద అంత బరువు వేసి దిగిపోతున్నానేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. మా ఆయన రోజూ నలభై నిమిషాలు వాకింగ్‌కి వెళ్తారు, ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. ఆయన చెడ్డవారని కాదు, ఆ టైములో ఆయన ఇంట్లో ఉండరు, అంతే.

ఫ్రిస్కో నుంచి:
ఇది నేను ఆలోచించని విషయం. నేను చాప పరచగానే మా ఆవిడ పాపని వేరే గదిలోకి తీసుకెళ్తుంది. నాలుగేళ్ళు నేను మానకుండా చేశానంటే అందులో సగం ఆమె పని. ఈ రోజే ఆమెతో అన్నాను, రేపటి నుంచి నీకూ అలాంటి టైము కావాలి కదా అని. ఏడింటికి తనకి, ఆరింటికి నాకు అని రాసుకున్నాం. మేడమ్, మీ వారితో ఒకసారి మాట్లాడండి, వాకింగ్ అరగంట వెనక్కి జరిపితే చాలు.

కొత్తపేట మాస్టారు:
అమ్మా, మీరు రాసింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. రోజూ క్లాసుకి రమ్మనడం మీలాంటివాళ్ళకి కుదరని పని. కానీ ఒక్కసారి కూడా ఎవరూ చూడకుండా చేయడం మాత్రం ఒప్పుకోను. మీ ఊళ్ళోనే ఎవరైనా మాస్టారి దగ్గరికి నాలుగు ఆదివారాలు వెళ్ళండి, మీరు ఇంట్లో చేసేదే ఆయన ముందు చేయండి, కొత్తవి అడగకండి. అది కూడా కుదరకపోతే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి వీడియో తీసుకుని చూపించండి. 45 నిమిషాలు పట్టుకుని కూర్చోకండి, ఆరు ఆసనాలు ఎంచుకోండి, ఒక్కోదానిలో అయిదు శ్వాసలు ఆగండి, చివర అయిదు నిమిషాలు శవాసనం. ఆ శవాసనం మాత్రం ఎవరు పిలిచినా ఎగ్గొట్టొద్దు. యోగ సూత్రాల్లో పతంజలి అభ్యాసానికి చెప్పినవి మూడే: చాలాకాలం చేయాలి, మధ్యలో తెగకూడదు, శ్రద్ధగా చేయాలి. ఎంతసేపు అన్న లెక్క అందులో లేదు.

పార్కు బ్యాచ్:
మాస్టారూ, తెగకూడదు అన్నరు గదా, అందుకే నేను పదిమందిలో చేస్తున్న. ఇంట్లో తెగుతది. నా మాట మీద నేనున్న.

మేడమీద చాప (మూడు వారాల తర్వాత):
అందరికీ ఎలా ఉందో చెబుదామని వచ్చాను. సూర్య నమస్కారాలు ఆపేశాను, మణికట్టు నొప్పి చాలావరకు పోయింది, తువ్వాలు మడత పెట్టి నిన్ననే మళ్ళీ రెండు చేసి చూశాను. రెండు ఆదివారాలు ఒక మాస్టారి దగ్గరికి వెళ్ళొచ్చాను. కాళ్ళు ఎడంగా పెట్టి పక్కకి వంగే త్రికోణాసనంలో నా ఎడమ భుజం ముందుకి పడిపోతోందట, నన్ను గోడకి ఆనుకుని చేయమన్నారు. గోడకి ఆనగానే ఆ భుజం దాకా అసలు ఎప్పుడూ ఊపిరి వెళ్ళనట్టు అనిపించింది. ఇంట్లో ఇరవై నిమిషాలు, తలుపు గడియ పెట్టుకుని. మోటారు, పాలు మా ఆయన చూస్తున్నారు, వాకింగ్ ఆ తర్వాత వెళ్తున్నారు. వారానికి అయిదు రోజులు నడుస్తోంది, పిల్లల పరీక్షలప్పుడు ఏమవుతుందో చూడాలి. వదినగారు ఇంకా ఒప్పుకోలేదు. కానీ మొన్న ఆదివారం మాస్టారి దగ్గరికి నాతో పాటు వచ్చారు, ఆవిడకి షుగరు, మోకాళ్ళ నొప్పులు. మాస్టారూ, నేల మీద కూర్చోలేని 58 ఏళ్ళ మనిషికి కుర్చీలో ఏవేం మొదలుపెట్టొచ్చో చెబుతారా?