‘లిక్విడిటీ ఎండిపోయింది’ అనడానికి తెలుగు మాట: నోబిడ్?

ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. 2008 అమెరికా బ్యాంకుల సంక్షోభం మీద తీసిన ఒక డ్రామాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. ఒక పాత్ర ‘లిక్విడిటీ ఎండిపోయింది’ అంటుంది. ‘ద్రవ్య లభ్యత క్షీణించింది’ అని రాస్తే రిజర్వ్ బ్యాంకు ప్రకటన చదువుతున్నట్టుంది. ‘మార్కెట్ కుప్పకూలింది’ అంటే అది వేరే సంగతి అవుతోంది. ఏం రాయాలి?

టంగుటూరు నుంచి జవాబు:

మా వైపు ఈ సంగతికి ఒక మాట ఉందండీ. నోబిడ్.

పొగాకు వేలం కేంద్రంలో బేళ్లు, అంటే పొగాకు మూటలు, వరసగా పేరుస్తారు. కంపెనీల తరఫున వచ్చిన కొనుగోలుదారులు చూసుకుంటూ ధర వేస్తారు. ఏ ఒక్కరూ ధర వేయకపోతే ఆ బేలు నోబిడ్. రైతు దాన్ని మళ్లీ బండెక్కించి ఇంటికి తీసుకుపోవాల్సిందే, రానూ పోనూ బాడుగ తనదే. ఊళ్లో ఎవరైనా ‘ధర ఎట్టా ఉంది మామా?’ అని అడిగితే ‘ధర సంగతి తర్వాత, సగం నోబిడ్లే’ అంటాడు. ధర పడిపోవడం, ధరే పడకపోవడం ఒకటి కాదని ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కిలోకు ఇరవై రూపాయలు తగ్గితే నష్టం ఎంతో లెక్క కట్టుకోవచ్చు. నోబిడ్ పడితే ఏమని లెక్క కడతాం?

అమెరికాలో జరిగింది అచ్చంగా ఇదే. 2007 ఆగస్టు 9న ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా తన మూడు ఫండ్లలో చెల్లింపులు ఆపేసింది. వాటిలో ఉన్న అమెరికా ఇంటి రుణాల బాండ్లకు కొనేవాళ్లు లేరు కాబట్టి విలువ కట్టలేమని చెప్పింది. తక్కువ విలువని చెప్పలేదు, కట్టలేమంది. మీ పాత్ర అంటున్న ‘ఎండిపోవడం’ అదే.

డ్రామాల్లో ఎక్కువగా తప్పిపోయేది కూడా ఇదే. గోడ మీద ఎర్ర అంకెలు కిందికి జారుతుంటాయి, ఒకడు టై వదులు చేసుకుంటాడు, ఇంకొకడు అట్టపెట్టెలో సామాను సర్దుకుని బయటికి నడుస్తాడు. అంకెలు జారుతున్నాయంటే ఎంతకో అంతకు ఎవరో కొంటున్నారనే కదా. అసలు భయం అంకె కదలకుండా ఆగిపోయినప్పుడు. దాన్ని తెర మీద చూపడం కష్టమే, ఒప్పుకుంటాను.

2011లో వచ్చిన ‘మార్జిన్ కాల్’ సినిమా దాన్ని పట్టుకుంది. తమ దగ్గరున్న ఇంటి రుణాల బాండ్ల సరుకు పనికిరానిదని ఒక బ్యాంకుకు రాత్రి తెలుస్తుంది. మిగతావాళ్లకు తెలిసేలోపు తెల్లారి మొత్తం అమ్మేయాలి. ఆ పొద్దున ఫోన్‌లో ధర ఎంత పలికినా సరే, అవతల ఇంకా కొనేవాడు ఉన్నాడా అన్నదే టెన్షన్. నోబిడ్ పడకముందే సరుకు వదిలించుకునే కథ అది. అవతల కొంటున్నవాళ్లు ఏళ్ల తరబడి నమ్మిన ఖాతాదారులు, అదింకో పాపం.

మన తెలుగు సినిమాల్లో వేలం సీను తలచుకోండి. జప్తు, దండోరా, వాకిట్లో పడేసిన సామాను. కొనడానికి విలన్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు, సూట్‌కేసు నిండా డబ్బుతో! నిజం సంక్షోభంలో ఆ విలనే రాడు. 2008 సెప్టెంబరు రెండో వారాంతంలో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్‌ని కొంటుందనుకున్న బ్రిటన్ బ్యాంకు బార్‌క్లేస్‌కి అక్కడి నియంత్రణ సంస్థ నుంచి అనుమతి దొరకలేదు. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఇంకో పెట్టుబడి బ్యాంకు మెరిల్ లించ్‌ని కొనడానికి వెళ్లిపోయింది. 158 ఏళ్ల లేమన్ నోబిడ్ అయిపోయి 15వ తేదీన దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత అమెరికా వ్యాపారాన్ని బార్‌క్లేసే కోర్టు ద్వారా కొనుక్కుంది. నోబిడ్ బేలు రెండోసారి వచ్చినప్పుడు తక్కువకి పోవడం మాకు కొత్త కాదు.

నెల్లూరు నుంచి:

బాగుంది గానీ అన్నా, పొగాకు తెలియనివాళ్లకు ఎట్టా ఎక్కుతుంది? ‘ఐపీ పెట్టేశాడు’ అంటే మా వీధిలో పిల్లోళ్లకు కూడా అర్థమవుతుంది. అది రాయొచ్చు కదా.

టంగుటూరు:

ఐపీ మంచి మాటే తమ్ముడూ, ఇక్కడ మాత్రం అతకదు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌లోని తొలి అక్షరాలవి. అప్పులు తీర్చలేనని బాకీదారే 1920 నాటి చట్టం కింద కోర్టుకెళ్లి వేసే కాగితం. అప్పిచ్చినవాళ్లకు నోటీసు అందేదాకా తెలియకపోవచ్చు, అందుకే మన నోట ఆ మాటలో తిట్టు కూడా కలిసి వస్తుంది. అది మనిషి చేసే పని, అంతా అయిపోయాక చేసేది. నోబిడ్ ముందు వచ్చేది, పైగా అందులో ఎవరిని తిట్టాలో తెలియదు. ‘బోర్డు తిప్పేశారు’ కూడా కుదరదు, అందులో మోసం ఉంది. సబ్‌టైటిల్స్‌లో ఈ మూడింటికీ కలిపి ‘దివాలా’ అని వేసేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒంగోలు నుంచి:

దివాలానా, దివాళానా? రెండూ పేపర్లలో చూశాను.

టంగుటూరు:

దివాలా. ‘ళ’ అలవాటుకొద్దీ వచ్చి చేరింది.

ఒంగోలు:

నోబిడ్ అంటే వర్జీనియా రకం పొగాకుకే అండీ. నల్లబర్లీ అనే ఇంకో రకం టుబాకో బోర్డు వేలానికి రాదు. 2025లో కంపెనీలు ముఖం చాటేస్తే రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించారు. అప్పుడు మా వాళ్లు నోబిడ్ అనలేదు, ‘కొనే నాథుడే లేడు’ అన్నారు.

ప్రశ్న అడిగినవారు:

ఇది చాలా బాగుంది! సీమలోనూ తెలంగాణలోనూ కూడా తెలిసిన మాటే కదా.

టంగుటూరు:

అవును, అదే వేయండి. నోబిడ్ మా ఒంగోలు, కందుకూరు, పొదిలి వైపు చెల్లుతుంది, మీ సీరీస్ అందరూ చూసేది. రెండు వరసల్లో పట్టకపోతే ‘నాథుడే’ తీసేసి ‘కొనేవాడు లేడు’ అనండి. లిక్విడిటీ అన్న మాటను మాత్రం పక్కన కూడా పెట్టకండి, చూసేవాడి కళ్లు దాని మీదే ఆగిపోతాయి.